ఇతర భాషల పాత సినిమాల చందా: అంతా బాగుంది, సబ్‌టైటిళ్లు తప్ప

ప్రాంతీయ భాషల కళాత్మక చిత్రాలు మాత్రమే చూపే ఒక చిన్న ఓటీటీకి చాలాకాలంగా చందా కడుతున్నాను. దాని పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే జబ్బు ఇలాంటివే మరి రెండింటిలోనూ చూశాను కనుక ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు. ధర, బొమ్మ నాణ్యత వంటివి వారి యాప్‌లోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. నా ఫిర్యాదంతా సబ్‌టైటిళ్ల మీదే. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో ఈ సినిమాలు చూసేది నేనూ, ఎనభై దాటిన మా అమ్మా. ఆమెకు ఇంగ్లీషు రాదు. తెర కింద పడే ప్రతి వాక్యాన్నీ నేను పైకి తెలుగులో చెబితే ఆమె వింటూ చూస్తుంది.

జాహ్ను బరువా 1987లో తీసిన అస్సామీ చిత్రం 'హలోధియా చొరాయే బావోధాన్ ఖాయ్' పెట్టుకున్న రోజు ఈ ఏర్పాటు కూలిపోయింది. ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం పొందినా మన వైపు ఆ పేరు విన్నవారు అరుదు. రఖేశ్వర్ అనే పేద రైతు కథ ఇది. అతని తండ్రి తమ పొలాన్ని తాకట్టు పెట్టి, అప్పు తీర్చి విడిపించుకున్నాడు గానీ కాగితం రాయించుకోలేదు. ఆ లోటు వల్ల దస్తావేజుల్లో అది భూస్వామి పొలంగానే మిగిలిపోయింది. అమ్మ తెనాలి దగ్గరి పల్లెలో పుట్టింది, అడంగల్ కోసం కరణం గుమ్మం చుట్టూ తిరిగిన ఇంటి మనిషి. కథ ఇదని తెలియగానే కుర్చీ ముందుకు జరుపుకొంది. మొదట్లో ఇబ్బందేమీ కనిపించలేదు. తరువాత ప్రశ్న కంటే ముందు జవాబు రావడం మొదలైంది. కథ ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరగడం మొదలుపెట్టేసరికి, ఎదుటివాడు పెదవి కదపకుండానే డబ్బు మాట కింద పడిపోయింది, నేను చదివేశాను. "వాడు నోరు తెరవకముందే చెప్పేస్తున్నావు, ఈ సినిమా ఇంతకుముందే చూశావేంట్రా?" అంది అమ్మ. కాసేపాగి, "అయినా వాడు అడుగుతాడని నాకూ తెలుసులే" అని తనే చేర్చింది.

దీనికి నాకు తోచిన కారణం ఇది. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడిస్తే, మన టీవీ టేపు 25 ఫ్రేముల చొప్పున నడిచేది, అంటే అదే సినిమా టేపు మీద కాస్త వేగంగా సాగేది. టేపుకు కుదిర్చిన సబ్‌టైటిల్ ఫైలును 24 ఫ్రేముల ప్రతికి తగిలిస్తే, ప్రతి 25 సెకన్లకు ఒక సెకను వంతున అక్షరాలు ముందుకు పరుగెడతాయి. గంట గడిచేసరికి తేడా రెండున్నర నిమిషాలకు దగ్గరవుతుంది. మా తెర మీద ఎడం ఈ లెక్కనే పెరుగుతూ పోయింది. ఫైలును అదే నిష్పత్తిలో సాగదీస్తే సరిపోతుంది. ఇదంతా వివరంగా రాసి పంపితే, యాప్ తీసేసి మళ్లీ వేసుకోమని జవాబు వచ్చింది. రెండోసారి రాశాక వారు చేసిన మరమ్మతు మరీ గొప్పది: ఫైలు మొత్తాన్ని ఒకే కొలతన వెనక్కి జరిపారు. ఇప్పుడు మొదట్లో, మాట్లాడిన మనిషి తెర మీంచి వెళ్లిపోయాక అతని మాట వస్తుంది. నడుమ కాసేపు బుద్ధిగా నడుస్తుంది. చివర్లో మళ్లీ ముందుకు దూకుతుంది.

మాటలు తక్కువున్న సినిమాలకు ఈ పీడ లేదు. అరవిందన్ మలయాళంలో తీసిన 'కుమ్మాట్టి' (1979), 2021లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ తదితరులు బాగుచేసిన ప్రతి, మా ఇంట్లో అన్నిటికంటే బాగా నడిచింది. కావాలం నారాయణ పణిక్కర్ రాసిన పాటలకు అనువాదం వేయకపోవడం నాకు వెలితే గానీ అమ్మకు అడ్డురాలేదు. కుక్కగా మారిపోయిన పిల్లవాణ్ని కన్నతల్లి గుర్తుపడుతుందా అని తప్ప ఆమె నన్నేమీ అడగలేదు.

దర్శకుల పేర్ల మీద వెతికే సదుపాయాన్ని మాత్రం మెచ్చుకోవాలి. 'ఫిడేలు రాగాల డజన్' కవి, మన నెల్లూరు పట్టాభిరామిరెడ్డి కన్నడంలో తీసిన 'సంస్కార' (1970) నాకు అలాగే దొరికింది. మద్రాసు సెన్సారు మొదట అడ్డుకున్న ఆ చిత్రమే ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకున్న తొలి కన్నడ సినిమా అయింది. కన్నడం కొంత చెవికి అందుతుంది కాబట్టి నా గొంతుకు సగం విశ్రాంతి దొరికింది.

తెలుగు విభాగం నిండుగా ఉందని మొదట్లో మిత్రులకు చెప్పాను. నిండుగా ఉన్నవి పోస్టర్లు. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా మృణాల్ సేన్ 1977లో తీసిన 'ఒక ఊరి కథ' మీద నొక్కితే 'త్వరలో' అని వస్తుంది. నేను చేరిన నాటినుంచీ ఆ త్వరలోనే ఉంది.

ఇంగ్లీషు చకచకా చదువుకొని ఒంటరిగా చూసేవారికి, కొంత వెనకా ముందూ అయినా సర్దుకోగలవారికి, ఇందులో మరెక్కడా సులువుగా దొరకని సినిమాలున్నాయి. వారు ఏడాది చందా కట్టినా నష్టపోరు. పక్కన ఒకరికి చదివి చెప్పవలసిన మాలాంటి ఇళ్లకు ఆ మాట చెప్పలేను. నేను నెల చందాకు మారాను. పొలం చివరికి ఎవరిదైందో నోటితో చెప్పేస్తానంటే అమ్మ ఒప్పుకోవడం లేదు కనుక వచ్చే నెలా కట్టక తప్పేట్టు లేదు.