నాయన నెత్తికి కట్టిన కరెంటు మిషన్: ఎనిమిది నెలల తర్వాత

మా నాయన ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాడు, వయసు 74. రెండేళ్లుగా చెప్పిందే చెప్తున్నాడు, తాళాలు ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతికిస్తున్నాడు. కడపలో డాక్టరు ముందుగా థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించాడు. అవి బాగున్నాయి. మతిమరుపు పరీక్షలో 30కి 24 వచ్చాయి. డిమెన్షియా కాదు, దానికి ముందు మెట్టు, అందరూ ఆ మెట్టు దాటరు అన్నాడు.

తడి స్పాంజీలు తలకు కట్టి చాలా తక్కువ కరెంటు పంపే టీడీసీఎస్ మిషన్ గురించి అడిగింది నేనే. పేస్‌మేకర్, ఫిట్సు, తలలో లోహపు ముక్కలు లేవు కాబట్టి వాడి చూడండి, ఆశ మాత్రం పెంచుకోవద్దు అన్నాడు. అమ్మ అయితే షాక్ ఇస్తారని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. షాక్ ట్రీట్‌మెంట్‌లో మత్తిచ్చి వందల మిల్లీయాంపులు పంపి ఫిట్సు తెప్పిస్తారు. ఇందులో 2 మిల్లీయాంపులే, 20 నిమిషాలు. అందులోనూ చాలా భాగం చర్మం, పుర్రె దగ్గరే చెదిరిపోతుంది. వయసుతో మెదడు కుంచించుకుపోతే మధ్యలో పెరిగిన నీరు కరెంటును ఇంకో దారి పట్టిస్తుంది. కాబట్టి ఒకరికి పనిచేసినట్టు ఇంకొకరికి చేయదు.

అసలు తిప్పలు కొబ్బరినూనెతో. పొద్దున్నే తలకు నూనె పెట్టనిదే నాయన గడప దాటడు. సెలైన్‌లో తడిపిన స్పాంజీ నూనె మీద పట్టుకోదు, ఎర్ర లైటు వెలుగుతుంది. మిషన్ చెడిందని అమ్మినవాళ్లతో మూడు వారాలు గొడవపడ్డాను. కొరియర్ చేయండి అన్నారే గానీ నూనె సంగతి ఒక్కరూ అడగలేదు. మేలో ఇంకో కష్టం: ఫ్యాను కింద పది నిమిషాలకే స్పాంజీ ఎండిపోయి, నుదుటి మీద కందిగింజంత కాలింది. అప్పటినుంచి మధ్యలో సిరంజితో సెలైన్ చుక్కలు వేస్తున్నాను.

ఈ కరెంటు మెదడు కణాలను తట్టి లేపదు, స్పందించడానికి కాస్త సిద్ధంగా ఉంచుతుందంతే. అందుకే మిషన్ కట్టినప్పుడే మెదడుకు పని పెట్టాలంటారు. మా పని బస్సు స్టేజీల పేర్లు వరసగా చెప్పించడం. "కడప నుంచి తాడిపత్రి చెప్పు నాయనా" అంటే ఎర్రగుంట్ల, ముద్దనూరు అని ఆగేవాడు. "గండికోట నీళ్లొచ్చినాయే, ఆ ఊరు అబ్బీ..." అని చేయి ఊపేవాడు. కొండాపురం! నాలుగు నెలలకు రానూ పోనూ గడగడా చెప్పేశాడు. తాళాలు మాత్రం నిన్న కూడా వెతికాం.

ఒకరోజు మిషన్ అర నిమిషానికే ఆగిపోయింది. నేను చూసుకోలేదు. ఆరోజు కూడా నాయన స్టేజీలన్నీ తప్పు లేకుండా చెప్పి, "ఈరోజు బాగా పట్టింది" అన్నాడు. పరిశోధకులు కూడా కొందరికి కావాలనే అర నిమిషం ఇచ్చి ఆపేస్తారు, దురద ఒకేలా ఉంటుంది కాబట్టి వాళ్లకు తేడా తెలియదు. ఆ పోలిక లేని లెక్కలు నమ్మొద్దు, నా లెక్కతో సహా. ఎనిమిది నెలల తర్వాత పరీక్షలో 25 వచ్చాయి. ఒక మార్కు నిద్ర చాలకపోయినా అటూ ఇటూ అవుతుందని డాక్టరు అన్నాడు.

అమ్మేవాళ్ల కాగితంలో 2019 నాటి బోస్టన్ ప్రయోగం గురించి గొప్పగా ఉంది. 60 నుంచి 76 ఏళ్లవాళ్లకు 25 నిమిషాలు ఇస్తే, తర్వాత 50 నిమిషాలదాకా తాత్కాలిక జ్ఞాపకం కుర్రవాళ్ల స్థాయికి వచ్చిన మాట నిజమే. కానీ అది అటూ ఇటూ దిశ మారే ఏసీ కరెంటు, మెదడు లయకు సరిపోయేలా మలిచింది. వాళ్లు కూడా మతిమరుపు జబ్బున్నవాళ్లు కారు. మాకు అమ్మింది ఒకే దిక్కున కరెంటు పంపే డీసీ మిషన్!

ఐదుకు రెండు స్టార్లు. ఒకటి హాని పెద్దగా లేనందుకు, ఒకటి మమ్మల్ని రోజూ 20 నిమిషాలు కూర్చోబెట్టినందుకు. ఇప్పుడు వారానికి రెండుసార్లే కడుతున్నాం. కర్నూలు రూటు మొదలుపెట్టాం. మైదుకూరు, దువ్వూరు చెప్పి చాగలమర్రి దగ్గర ఆగుతున్నాడు.