మా కాలేజీ మెంటరింగ్: సార్‌కి ఐదుకి నాలుగు, ఫారానికి సున్నా

భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పోయినేడాది ఫస్టియర్ చదివాను. పేరు చెప్పను, ఇంకా మూడేళ్లు అక్కడే చదవాలి. అడ్మిషన్ కోసం తిరిగేటప్పుడు ఏ కాలేజీకి వెళ్లినా "మా దగ్గర 20 మందికి ఒక మెంటర్ ఉంటారండి" అంటారు కదా (మెంటర్ అంటే మన చదువు, అటెండెన్స్ కనిపెట్టుకుని ఉండాల్సిన లెక్చరర్), అది నిజంగా ఎంతవరకు పనికొస్తుందో ఈ ఏడాది చేరబోయేవాళ్ల కోసం రాస్తున్నా.

ముందు ఫారం సంగతి. చేరిన వారంలోనే నాలుగు పేజీల కాగితం ఇచ్చి మీ బలాలు, బలహీనతలు, లక్ష్యం రాయమన్నారు. మా 20 మందిలో సగం మంది పక్కోడిది చూసి "హార్డ్ వర్క్" అని రాశాం. లక్ష్యం గడిలో నేను సాఫ్ట్‌వేర్ అని పెట్టాను, అప్పటికి సి ప్రోగ్రాం ఒక్కటి కూడా రాసిన పాపాన పోలేదు. ఆ కాగితం ఫైల్లోకి పోయింది, మళ్లీ ఎవరూ తెరవలేదు.

అసలు పని ఫస్ట్ మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) మార్కులు వచ్చాక మొదలైంది. నాకు మ్యాథ్స్‌లో 30కి 11. టెన్త్ దాకా తెలుగు మీడియం, క్లాసులో సగం అర్థమయ్యేది కాదు, ఇంక సబ్జెక్టు పోయినట్టే అనుకున్నా. మా మెంటర్ సార్ పిలిచారు. తిడతారనుకుంటే తెల్లకాగితం తీసి లెక్క వేశారు. మాకు రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువదానికి 20 శాతం తీసుకుంటారు. రెండోదాంట్లో 24 తెచ్చుకుంటే 19.2, ఈ 11లోంచి 2.2, మొత్తం 21 దాటుతుంది, ఇక ఫైనల్లో 70కి 25 తెచ్చుకుంటే పాస్. "ఇది మీకెవరూ చెప్పలేదా బాబూ?" అన్నారు. చెప్పే ఉంటారు, ఇండక్షన్‌లో అంతమంది మధ్య కూర్చుని విన్నది ఎవడికి గుర్తుంటుంది.

తర్వాత అటెండెన్స్ షీట్ తీశారు. 68 శాతం. 75 ఉండాలి, 65కి దిగువకి పోతే పరీక్షే రాయనివ్వరు. "పోయినవన్నీ ఫస్ట్ అవర్లేంటి?" అని అడిగారు. మాది సఖినేటిపల్లి వైపు. పంటు మీద గోదావరి దాటి నర్సాపురం వచ్చి, అక్కణ్ణుంచి బస్సో రైలో పట్టుకోవాలి. పంటు ఒక్కటి తప్పితే ఫస్ట్ అవర్ పోయినట్టే, వరదొస్తే పంటే ఆపేస్తారు, అప్పుడు చించినాడ బ్రిడ్జి మీదుగా చుట్టూ తిరిగి రావాలి. ఆ ఫస్ట్ అవర్ ఎక్కువ రోజులు మ్యాథ్సే! నా రెండు రోగాలకీ మూలం ఒక్కటేనని నాకు తట్టనే లేదు. సారే నాన్నకి ఫోన్ చేశారు. కాలేజీ నుంచి ఫోన్ అనగానే నాన్న "మావాడు ఏమన్నా గొడవ చేశాడాండి?" అన్నారట. మొత్తానికి నర్సాపురంలో పిన్ని వాళ్లింట్లో ఉండేలా ఒప్పించారు.

నచ్చనిది రెమెడియల్ క్లాసులు, అంటే వెనకబడ్డవాళ్లకి విడిగా చెప్పే క్లాసులు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా పెడితే దూరం నుంచి వచ్చేవాళ్లు ఎలా ఉంటారు? చివరికి హాస్టల్ వాళ్లే కూర్చునేవాళ్లు, అందులో సగం మందికి అవి అవసరమే లేదు. పైగా ఈ పిలుపేదో మార్కులు రాకముందే, అంటే మూడో వారంలోనే అటెండెన్స్ చూసి పిలిచి ఉంటే ఆ 11 వచ్చేదే కాదు. అందుకే సార్‌కి కూడా ఒక మార్కు కోత.

సెకండ్ మిడ్‌లో 22 వచ్చింది, మ్యాథ్స్ పాసయ్యాను. కెమిస్ట్రీ పోయింది, సప్లీలో గట్టెక్కాను.

ఈ ఏడాది మెంటర్‌ని మార్చేశారు. కొత్త మేడం ఇంకా ఎవర్నీ పిలవలేదు గానీ సోమవారం ఫారం మాత్రం వచ్చేసింది, అవే నాలుగు పేజీలు. బలాల గడి ఖాళీగా వదిలేసి, అడ్రస్ గడిలో పంటు టైమింగులతో సహా రాసిచ్చాను.