బిర్యానీ డబ్బా మీద రంగు నిలవాలంటే: ఆటోనగర్ ప్లాస్టిక్ ప్రైమర్‌తో నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల పెయింట్ షాపుల్లో బంపర్లకని అమ్మే, రంగు లేని ప్లాస్టిక్ ప్రైమర్ (రంగుకు ముందు పట్టు కోసం వేసే పూత) స్ప్రే ఇది. నేను మాత్రం 28 మిల్లీమీటర్ల బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆటకు వాడుతున్నాను, అదీ కొన్నేళ్లుగా. బంకర్లు, గోడౌన్లు, ఆయిల్ ట్యాంకులు అన్నీ ఇంట్లోనే చేస్తాను. సరుకేమో బిర్యానీ పార్సిల్ డబ్బాలు, ప్లంబర్ వదిలేసిన పీవీసీ పైపు ముక్కలు.

స్ప్రే కొనేముందు మీ ప్లాస్టిక్ డబ్బా తిరగేసి త్రికోణంలో అంకె చూడండి. 3 అంటే పీవీసీ, గట్టి ప్లాస్టిక్ మీద 6 అంటే పాలీస్టైరీన్. వీటికి గరుకు పట్టించి మామూలు ప్రైమర్ కొడితే చాలు, ఈ ఖర్చు దండగ. 5 ఉంటే పాలీప్రొపిలీన్, అక్కడే అసలు తంటా. దాని మీద నీటి చుక్క పరుచుకోదు, గుండ్రంగా నిలబడుతుంది. రంగుదీ అదే గతి. ఆరాక బ్రహ్మాండంగా కనిపిస్తుంది, గోటితో గీకితే అట్టులా లేచి వస్తుంది. నా చేతికొచ్చిన నల్ల బిర్యానీ డబ్బాలన్నీ 5 నంబరువే. బంపర్లూ ఎక్కువగా ఆ జాతి ప్లాస్టిక్కే కాబట్టి మందు అక్కడ దొరుకుతోంది. మామూలు హార్డ్‌వేర్ షాపులో అడిగితే గోడల ప్రైమర్ చేతిలో పెట్టారు! పాలిథీన్ రకాల (2, 4) మీద మాత్రం దీన్ని నేను నమ్మను.

అయితే స్ప్రే కంటే ముందు పనే ముఖ్యం. మసాలా నూనె మూలల్లో దాక్కుంటుంది, గిన్నెల సబ్బుతో పాత బ్రష్ పెట్టి తోమాలి. తర్వాత 400 నంబరు వాటర్ పేపర్ తడిపి, మెరుపు పోయి బూడిద పట్టినట్టు అయ్యేదాకా రుద్దాలి. వెలుతురుకు వాలుగా పట్టుకుంటే ఇంకా మెరిసే మచ్చలు తెలుస్తాయి, రేపు రంగు లేచేది సరిగ్గా అక్కడే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక ఒక్క పల్చటి కోటు. కొట్టినట్టే తెలియదు, అందుకని చెయ్యి ఆపకుండా కొడితే కారుతుంది. దీని పైన వేసే మామూలు ప్రైమర్‌ను ఈ స్ప్రే డబ్బా మీద రాసిన గడువులోపే వేసేయాలి. పూర్తిగా గట్టిపడ్డాక బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీసి టేపు అంటించి లాగితే, నావి ఊడలేదు.

లోపాలూ ఉన్నాయి. వాసన ఘోరం, మేడ మీదే, మాస్కుతోనే. థర్మాకోల్‌ను తినేస్తుంది, కాబట్టి అతికించకముందే కొట్టుకోవాలి. మే నెల మధ్యాహ్నం మన ఎండకి స్ప్రే గాల్లోనే ఆరిపోయి పొడిలా పడుతుంది, వానాకాలం ఉక్కలో తెల్లగా మసక పడుతుంది. పొద్దున్నే నీడలో కొడితే ఏ బాధా లేదు. వంగే మూతల మీద ప్రైమర్ పగలొచ్చు, ముందు మందపాటి అట్టకు అతికించండి. ఇక వాడాక డబ్బా తలకిందులు చేసి ఒట్టి గ్యాస్ వచ్చేదాకా నొక్కాలి, లేకపోతే సగం మందు ఉండగానే నాజిల్ మూసుకుపోతుంది.