చెరువు గట్టు కాఫీ షాపా, కాలువ గట్టు హోటలా, కొల్లేటి ఒడ్డున ఫ్లాస్కా: ఏది మేలు?

భీమవరం పరిసరాల్లో ఎవరినైనా "చెరువు గట్టున కాఫీ తాగుదాం రండి" అని పిలిస్తే, వారు ముందుగా అడిగేది "ఎన్నెకరాలండి, రొయ్యా చేపా?" అనే. చెరువంటే చేపల చెరువన్నదే ఇక్కడ మొదటి అర్థమై చాలా కాలమైంది. నేను చెప్పబోయేది ఆ చెరువు గురించి కాదు. కాలువ నీటితో నింపి ఊరికి తాగునీరుగా వాడుకునే మంచినీళ్ళ చెరువు గురించి, దాని గట్టు మీద వెలిసి, ఆదివారం సాయంత్రం కూర్చోవడానికి కుర్చీ దొరకనంతగా పేరు తెచ్చుకున్న కాఫీ షాపు గురించి. అక్కడికి వెళ్లడం మేలా, కాలువ వంతెన పక్కనున్న పాత కాఫీ హోటలుకు వెళ్లడం మేలా, అసలు ఇంట్లోనే డికాక్షను దించుకుని ఫ్లాస్కుతో కొల్లేటికి బయలుదేరడం మేలా అని మా ఇంట్లో చాలాసార్లు వాదన జరిగింది. మూడింటినీ పలుమార్లు చూసిన తర్వాత నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కాఫీ సంగతి. చెరువు గట్టు షాపు మీద మా వైపు పెద్దలు చేసే ఫిర్యాదు ఒక్కటే, కాఫీ వేడిగా ఉండదని. మా బాబాయి గారు మొదటిసారి అక్కడ కాపుచినో అందుకుని, ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, "బాబూ, ఇది ఎవరికో పోసి చల్లారాక నాకు తెచ్చావా?" అని అడిగితే, ఆ కుర్రవాడు "ఆయ్, అది అంతేనండి" అన్నాడు. కుర్రవాడి మాటలో తప్పు లేదు. ఆవిరితో పాలను నురగ కట్టించే పద్ధతిలో వాటిని 60 నుంచి 65 డిగ్రీల వరకే వేడి చేస్తారు. 70 దాటితే పాలలోని తీపి తగ్గి, మాడిన వాసన మొదలవుతుంది. మన హోటల్లో పాలు పొయ్యి మీద మరుగుతూనే ఉంటాయి, అందులో డికాక్షను కలిపి, పైనుంచి కిందికి తిరగబోసి గ్లాసులో పోస్తారు. నాలుక కాలితేనే కాఫీ అని చిన్నప్పటి నుంచి అలవాటైనవారికి 65 డిగ్రీల కాఫీ చల్లారినట్టే తోస్తుంది. దానికి తోడు వెడల్పు మూతి ఉన్న కప్పు, నీటి మీదుగా వచ్చే గాలి. రెండు మాటలు మాట్లాడేలోపే అది నిజంగానే చల్లారిపోతుంది. అందుచేత గట్టు మీద కూర్చోదలచినవారు పాలు లేని కాఫీ తీసుకోవడమో, గాలికి వెనుకనున్న లోపలి బల్ల చూసుకోవడమో మంచిది.

రుచి విషయంలో మాత్రం తీర్పు అంత తేలిక కాదు. ఆ షాపులో అరకు అరబికా గింజలు వాడుతున్నట్టు గోడ మీద రాసి ఉంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన్యంలో పండిన గింజ మన డెల్టాలో కప్పులోకి రావడం నాకు సంతోషమే. ఎస్ప్రెస్సో యంత్రం దాదాపు 9 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లతో, అర నిమిషం లోపే కాఫీని పిండి ఇస్తుంది. దాన్ని అలాగే తాగితే పండు పులుపు, గింజ సువాసన స్పష్టంగా తెలుస్తాయి. అదే కాఫీలో మన గేదె పాలు పోస్తే, ఆరేడు శాతం వెన్న ఉన్న ఆ చిక్కదనంలో అరబికా సన్నని రుచి మునిగిపోతుంది. హోటలు కాఫీ పొడిలో చికోరీ ఉంటుంది. వేయించిన ఆ వేరు ముక్కలకు కెఫీన్ లేకపోయినా, డికాక్షనుకు నలుపునూ చిక్కదనాన్నీ ఇస్తాయి కాబట్టి గేదె పాలకు ఎదురు నిలబడగలవు. చికోరీని కల్తీగా చూసే మిత్రులతో నేను ఏకీభవించను. ప్యాకెట్టు మీద శాతం రాసి అమ్మాలన్నది నిబంధన, సగం కంటే కాఫీయే ఎక్కువ ఉండాలన్నదీ నిబంధనే. చదివి కొనుక్కోవడం మన పని. కాబట్టి పాల కాఫీ కోసమైతే కాలువ గట్టు హోటలుకే నా ఓటు; నల్ల కాఫీ అయితే చెరువు గట్టు షాపుకు సాటి లేదు.

ధర గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అక్కడ ఒక కప్పుకు ఇచ్చే డబ్బుతో ఇక్కడ నలుగురం తాగి లేస్తాం. అయితే హోటల్లో నలుగురం తాగి లేవాల్సిందే, అది కూడా వెంటనే. గ్లాసు ఖాళీ అయ్యాక ఐదు నిమిషాలు కూర్చుంటే, బల్ల తుడిచే అబ్బాయి తడిగుడ్డతో మన మోచేతి దాకా వస్తాడు. షాపులో ఇచ్చే డబ్బులో పెద్ద వాటా కాఫీకి కాదు, కుర్చీకి. పెళ్లి మాటలు మాట్లాడుకోవాలన్నా, ఏళ్ల తర్వాత కలిసిన స్నేహితులతో కష్టసుఖాలు చెప్పుకోవాలన్నా, కాలేజీ పిల్లలు ఇంట్లోవాళ్ల చూపు తప్పించుకుని పరీక్షలకు చదువుకోవాలన్నా, ఎవరూ లేపని కుర్చీకి విలువ ఉంది. ఆ విలువ అక్కరలేని రోజున, అంటే ఒంటరిగా పది నిమిషాల పని మీద వెళ్లిన రోజున, అంత డబ్బు పెట్టడం నాకు వృథాగానే కనిపిస్తుంది.

చాలామంది గమనించని సంగతి నీటిది. నీళ్లు చూడటానికే ఆ షాపుకు వెళ్తాం, కానీ ఆ నీళ్లు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. మాది పశ్చిమ డెల్టా. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర, గోదావరి కుడి వైపు విజ్జేశ్వరం తలుపుల నుంచి బయలుదేరిన కాలువే చివరికి మా చెరువు నింపుతుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉన్నా, పద్ధతి అదే. దాళ్వా, అంటే రబీ వరి పంట గట్టెక్కాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. కట్టేసే ముందు చెరువును నిండా నింపుకుని, ఆ నీటినే ఊరంతా వేసవిలో తాగుతుంది. అందుచేత ఏప్రిల్ చివర్లో నిండుకుండలా ఉండే చెరువు, మే నెలాఖరుకు అడుగు మట్టి చూపిస్తుంది. గట్టు పొడవునా పచ్చి నాచు వాసన వస్తుంది. ఎండ మాట సరేసరి. ఆ రోజుల్లో దూరం నుంచి వచ్చిన బంధువులను "మా ఊరి చెరువు చూపిస్తా" అని తీసుకెళ్లి నేను ఒకసారి చిన్నబోయాను. ఆగస్టు నుంచి మార్చి వరకు, అదీ పొద్దున్నే వెళ్తే, ఆ షాపు నిజంగా బాగుంటుంది. సాయంత్రమైతే ఐదింటికి వెళ్లి చీకటి పడకముందే లేవాలి, ఎందుకంటే దీపాలు వెలిగాక ఆ కుర్చీల మీద దోమలదే పెత్తనం.

హోటలు పక్క కాలువకూ ఇదే నియమం వర్తిస్తుంది, మేలో అది ఎండిన కందకం. అయితే అక్కడికి వెళ్లేవారెవరూ నీళ్ల కోసం వెళ్లరు కాబట్టి అది లోటుగా కనిపించదు.

ఇక కొల్లేరు. నీళ్లే కావాలనుకునేవారికి చెరువుకూ కొల్లేటికీ పోలికే లేదని నా అభిప్రాయం. భీమవరం నుంచి ఆకివీడు మీదుగా ఉప్పుటేరు దాటి కైకలూరు చేరితే, ఆ పక్కనే ఆటపాక పక్షుల కేంద్రం. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సార్ జాబితాలో చేర్చారు. ఆటపాకలో అటవీ శాఖ నీటిలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద పెలికాన్లు గూళ్లు కట్టుకుంటాయి, వాటినే మనవాళ్లు గూడబాతులంటారు. శీతకాలంలో ఆ స్టాండ్ల మీద పిల్లల అరుపులు, తల్లి సంచి నోట్లో తల దూర్చి చేప లాక్కునే పెనుగులాట చూస్తుంటే కాఫీ మాట మరిచిపోతాం. మరిచిపోవడమే అక్కడి ఇబ్బంది కూడా. కలిపిన పాల కాఫీ ఫ్లాస్కులో రెండు గంటలు దాటితే ఉడికిన వాసన పట్టి నోట పెట్టబుద్ధి కాదు. డికాక్షనును చిన్న సీసాలో, మరిగిన పాలను ఫ్లాస్కులో విడివిడిగా తీసుకెళ్లి, కైకలూరు దాటకముందే కలుపుకుని తాగేయడం నేను పాటిస్తున్న పద్ధతి. అభయారణ్యంలో గ్లాసులు, కాగితాలు పడేయకూడదు కాబట్టి ఇంటి స్టీలు గ్లాసులే తీసుకెళ్తాం. ఒక పూట పూర్తిగా ఖర్చవుతుంది, ముసలివాళ్లకు నడక ఎక్కువ, వానాకాలంలో కొల్లేరు పొంగితే దారులే మునుగుతాయి. అందువల్ల ఇది నెలకోసారి చేసే పని కాదు, చలికాలంలో ఒకటి రెండుసార్లు చేయదగిన పని.

మా ఇంట్లో ఈ మూడింటి మధ్య ఒప్పందం ఇలా కుదిరింది. పొద్దున నడక అయ్యాక నేను హోటలుకే వెళ్తాను. ఇంటికి చుట్టాలు వస్తే, నెల ఏదో చూసుకుని, చెరువు నిండుగా ఉంటే గట్టు మీది షాపుకు తీసుకెళ్తాం, ఆదివారం మాత్రం కాదు. బాబాయి గారు వస్తానంటే, పాలు విడిగా కాచి ఇవ్వగలరా అని ముందే అడుగుతాం. పోయిన వారం అడిగితే ఇచ్చారు. ఆయన గ్లాసు పట్టుకోలేక పైపంచె చుట్టి పట్టుకుని, చివరి చుక్క వరకు తాగారు.