సీ-47, సీ-130: అసలు తేడా తలుపు దగ్గరే

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నమ్ముకున్న సీ-47 పుట్టుకతో సరుకు విమానం కాదు. ప్రయాణికుల డీసీ-3కే పక్కన పెద్ద తలుపు, గట్టి నేల అమర్చి సైన్యానికి ఇచ్చారు. తోక కింద చక్రం ఉండటంతో, ఆగి ఉన్నప్పుడు లోపలంతా వాలుగా ఉంటుంది. జీపు ఎక్కించాలంటే పక్క తలుపు ఎత్తుకి పైకెక్కించి, లోపల మలుపు తిప్పాలి. సైనికుల అవస్థ ఊహించుకోవచ్చు!

1954లో తొలిసారి ఎగిరిన సీ-130ని మాత్రం మొదటినుంచీ సరుకు కోసమే గీశారు. రెక్కలు విమానం పైభాగానికి పోయాయి కాబట్టి అవి లోపలి జాగాను తినవు, ప్రొపెల్లర్లు కూడా నేలకు దూరంగా ఉంటాయి. చక్రాలు పొట్టకు రెండు పక్కలా ఉన్న ఉబ్బుల్లోకి ముడుచుకుంటాయి. దాంతో విమానం నేల లారీ తొట్టి ఎత్తుకు, అంటే సుమారు మీటరుకు దిగింది. వెనక ర్యాంపు, అంటే వాలుగా కిందికి దిగే తలుపు, దించితే బండి నేరుగా లోపలికి వెళ్తుంది. గాల్లో అదే తెరిచి సరుకును పారాచూట్లతో వదలొచ్చు. వెనక ర్యాంపు దీనితోనే మొదలవలేదు లెండి, జర్మన్లు యుద్ధకాలంలోనే వాడారు.

సీ-47కి రెండు పిస్టన్ ఇంజన్లు, మోసే బరువు మామూలుగా మూడు టన్నుల లోపే. సీ-130కి నాలుగు టర్బోప్రాప్‌లు (టర్బైన్‌తో ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజన్లు), బరువు ఎన్నో రెట్లు. అయినా నా దృష్టిలో ఇంజన్ల కన్నా ర్యాంపే పెద్ద మార్పు. తర్వాత వచ్చిన జెట్ ఇంజన్ల సరుకు విమానాలు సీ-17, ఐఎల్-76 కూడా ఎత్తు రెక్కలు, వెనక ర్యాంపు రూపాన్నే పట్టుకున్నాయి.