సీటెక్ ఎంఎక్స్‌ఎస్ 5.0 చార్జర్: నల్ల క్లిప్పు ఎక్కడ పెడుతున్నారు?

తాళం వేసినా ఇప్పటి కార్లు పూర్తిగా నిద్రపోవు. అలారం, రిమోట్ రిసీవర్ లాంటివన్నీ కలిసి 30 మిల్లీ ఆంపియర్లే లాగుతున్నాయనుకున్నా రోజుకు 0.72 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో నిలిచే కరెంటు కొలత), నెలకు 21 పైనే. అంటే 45 ఏహెచ్ బ్యాటరీ నెల తిరిగేసరికి సగం దిగిపోతుంది. కారును సెల్లార్లో పెట్టి ఆర్నెల్లు అమెరికాలో పిల్లల దగ్గర ఉండొచ్చేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు.

స్వీడన్ కంపెనీ సీటెక్ తయారుచేసే ఈ 5 ఆంపియర్ల చార్జర్ అలాంటివాళ్లకు పనికొచ్చే వస్తువే. మామూలు మోడ్‌లో 14.4 వోల్టుల దాకా ఎక్కించి, 13.6 దగ్గర పది రోజులు నిలిపి, ఆ తర్వాత వోల్టేజి తగ్గినప్పుడల్లా కాస్త కాస్త పోస్తుంది. స్టార్ట్-స్టాప్ కార్లలోని (సిగ్నల్ దగ్గర ఇంజన్ తానే ఆగి మళ్లీ స్టార్టయ్యేవి) ఏజీఎం బ్యాటరీలకు, అంటే యాసిడ్ గాజు పీచులో ఇంకి ఉండే రకానికి, మంచుపువ్వు గుర్తున్న మోడ్ వాడాలి, అది 14.7 దాకా వెళ్తుంది. బాగా దిగిపోయిన బ్యాటరీని తేర్చే రీకాండ్ మోడ్ 15.8 వోల్టులు తాకుతుంది కాబట్టి బ్యాటరీ కారులో ఉండగా దాని జోలికి పోకపోవడమే మంచిది.

అసలు తప్పు జరిగేది క్లిప్పుల దగ్గర. బానెట్ ఎత్తి బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ చూడండి. దాని క్లాంపుకు అగ్గిపెట్టెంత నల్ల డబ్బా, అందులోంచి సన్నటి వైరు ఉంటే అదే బ్యాటరీ సెన్సర్. వచ్చిన కరెంటును, పోయిన కరెంటును లెక్కపెట్టడం దాని పని. నల్ల క్లిప్పును నేరుగా టెర్మినల్‌కే తగిలిస్తే చార్జర్ పోసిన కరెంటు దాని లెక్కలోకి రాదు. బ్యాటరీ నిండినా కారు మాత్రం ఇంకా ఖాళీ అనే అనుకుంటుంది, స్టార్ట్-స్టాప్ కొన్నాళ్లు మూగబోతుంది. అందుకే నల్ల క్లిప్పు బాడీ ఎర్త్ బోల్టుకే (కారు లోహపు బాడీకి బిగించి ఉండే బోల్టు) పెట్టాలి. పెయింటు లేని లోహం కావాలి, పెట్రోలు పైపులకు దూరంగా ఉండాలి. చార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి నిప్పురవ్వ దాని పక్కన లేవకపోవడం కూడా లాభమే.

ముందు పాజిటివ్‌కు ఎర్ర క్లిప్పు, తర్వాత నలుపు, చివర గోడ ప్లగ్గు. తీసేటప్పుడు ఇదే తలకిందులుగా. బ్యాటరీ డిక్కీలో ఉన్న కార్లకు కంపెనీ బానెట్ కిందే పాజిటివ్, ఎర్త్ పాయింట్లు ఇచ్చి ఉంటే వాటినే వాడండి. మారుతి స్మార్ట్ హైబ్రిడ్లలో సీటు కింద ఉండే లిథియం బ్యాటరీని ముట్టుకోకండి, ఈ చార్జర్ బానెట్ కిందున్న లెడ్ బ్యాటరీకే. స్మార్ట్ కీ కారుకు దగ్గరగా పెట్టుకుంటే కొన్ని కార్లు మాటిమాటికీ మేల్కొంటాయి, చార్జర్ పోసింది అవే తాగేస్తాయి.

నెలల తరబడి ఉంచేట్టయితే క్లిప్పులు వద్దు. పెట్టెలోనే వచ్చే రింగు టెర్మినళ్ల వైరును ఒకసారి బిగించేసి, కనెక్టర్ కొసను గ్రిల్ దగ్గరకు లాగి ఉంచుకోండి. అప్పుడు బానెట్ పూర్తిగా మూయవచ్చు, వైరు నలగదు.

లోపాలూ ఉన్నాయి. వైరు పొట్టి, సెల్లార్లో స్తంభానికున్న ప్లగ్ పాయింట్ దాకా అందదు. అందుకని సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సును నేల మీద పడేయకండి, సెల్లార్లోకి వాననీళ్లు రావడం మనకు కొత్త కాదు. ఈ ధరకు వోల్టేజి చూపించే డిస్‌ప్లే లేకపోవడం మాత్రం పిసినారితనమే. ఉన్నవి ఎనిమిది దశల దీపాలు: నాలుగోది వెలిగితే కారు స్టార్ట్ అవుతుంది, ఏడోది వెలిగితే బ్యాటరీ నిండినట్టు. మల్టీమీటర్ ఉంటే చార్జర్ తీసిన కొన్ని గంటలకు చూడండి. 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగమే. ఐదో దశ పరీక్షలో మళ్లీ మళ్లీ లోపాన్ని చూపే దీపం వెలిగితే బ్యాటరీ చార్జిని నిలుపుకోవడం లేదని అర్థం, కొత్తది కొనుక్కోవాల్సిందే.