మైపాడు దగ్గర సముద్రం పెరిగిందా? ఉపగ్రహమా, టైడ్ గేజా?

నెల్లూరు జిల్లా మైపాడులో పెద్దవాళ్లను అడిగితే "సముద్రం ముందుకొచ్చింది" అంటారు. అది నీరు పెరిగా, ఇసుక కోసుకుపోయా? కంటికి రెండూ ఒకేలా ఉంటాయి.

తేల్చాలంటే నీటి మట్టం కొలవాలి. అందుకు టైడ్ గేజ్ పాత పద్ధతి. రేవులో నిలువు గొట్టం, అందులో తేలే బెండు. అలల కుదుపు తగ్గి అసలు నీటి మట్టం తెలుస్తుంది. ఇప్పుడు రాడార్‌వి కూడా వచ్చాయి. నిమిషాల లెక్కన కొలత ఇస్తుంది కాబట్టి తుఫాను పోటు కూడా పట్టుబడుతుంది. చిక్కేమిటంటే, గేజ్ నిలబడ్డ నేలే కుంగితే నీరు పెరిగినట్టు చూపిస్తుంది. అయితే ఒడ్డున ఇల్లున్నవాడికి కావాల్సింది ఆ లెక్కేగా!

ఉపగ్రహానికి నేల కుంగుబాటుతో పనిలేదు. రాడార్ తరంగం నీటిని తాకి తిరిగొచ్చే సమయాన్నిబట్టి ఎత్తు కడుతుంది. జేసన్ శ్రేణి ఉపగ్రహం 1,336 కిలోమీటర్ల పైనుంచి, పది రోజులకోసారి అదే దారిలో వెళ్తూ కొలిచేది. 1993 నుంచి ప్రపంచ సగటు ఏడాదికి 3 మిల్లీమీటర్లకు పైగా పెరిగిందని తేలింది ఇలాగే. ఇస్రో, ఫ్రాన్స్ కలిసి చేసిన, ఇలాగే ఎత్తు కొలిచే సరళ్ ఉపగ్రహం 2013లో శ్రీహరికోట నుంచే ఎగిరింది (అప్పటికది నెల్లూరు జిల్లానే).

కానీ ఒడ్డుకు పది, పదిహేను కిలోమీటర్ల లోపు నేల నుంచి వచ్చే ప్రతిధ్వని కలిసి మామూలు లెక్క తప్పుతుంది. పులికాట్ సరస్సు లాంటి చోట మరీ కష్టం. పైగా మన తీరంలో అక్టోబరు, నవంబరుల్లో మట్టం మామూలుగానే ఎక్కువ. రెండు మూడేళ్ల డేటాతో తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను. ఒడ్డునున్న కొత్తపట్నంలో రోడ్డు ఎంత ఎత్తున వేయాలో అడిగితే మాత్రం నా ఓటు గేజ్‌కే.